బసీలియా ఊఁ కొట్టింది

కోర్టులో నేను స్పానిష్ దుభాషిని. బిడ్డ కేసులో వచ్చిన బసీలియాది గ్వాటెమాలా కొండల్లోని మామ్ భాష. స్పానిష్ నాలుగు ముక్కలొచ్చు, అంతే.

"మామ్ దుభాషిని పిలిపించండి," అన్నాను జడ్జితో.

"దానికి డబ్బుల్లేవమ్మా. మీతోనే కానిద్దాం."

బసీలియా ఊళ్లో పెద్దలు మాట్లాడుతుంటే తల వంచుకుని ఊఁ కొట్టాలి, లేకపోతే అమర్యాద. జడ్జి అడిగారు, బిడ్డను ఒంటరిగా వదిలేశావా? ఊఁ. వేరేవాళ్ల పెంపకానికి ఒప్పుకుంటావా? ఊఁ. ప్రతి ఊఁనీ అవునని చెప్పడమే నా ఉద్యోగమట.

"అది ఒప్పుకోవడం కాదండీ, మర్యాద," అన్నాను.

"మిమ్మల్ని అనువదించమన్నాం. వాదించమనలేదు."

బిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేశారు.

బయట బసీలియా నా చెయ్యి పట్టుకుంది. "పాప... ఇంటికి... ఈరోజు?"

ఆమె ముఖం చూడలేక తల వంచుకున్నాను. అది ఊఁ అనుకుని నవ్వింది.