చిత్రకారుడికి అరువు ముఖం

పందొమ్మిదో శతాబ్దంలో తమ ఊళ్లో పుట్టి, పూట గడవక ఊరొదిలి పోయిన చిత్రకారుడి మీద ఊరికి ఇన్నాళ్లకు ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన పుట్టిన వీధి మొదట్లో నల్లరాతి ఫలకం పెట్టాలని మునిసిపల్ చైర్మన్ పట్టుబట్టాడు. దాని మీద ముఖం కూడా ఉండాలన్నాడు. ఊరందరి బొమ్మలూ గీసిన ఆ మహానుభావుడు తన బొమ్మ గీసుకున్న దాఖలా మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఆ చిక్కు వచ్చి ఫొటోగ్రాఫరు నెత్తిన కూర్చుంది.

"ముఖం లేకపోతే ఎట్లాగయ్యా? ఎల్లుండికల్లా ఒకటి పట్టుకురా" అన్నాడు చైర్మన్, ముఖాలు బజార్లో కిలోల లెక్కన దొరుకుతాయన్నట్టు.

ఫొటోగ్రాఫరు ఇంట్లో ఒక ముఖం ఖాళీగా ఉంది. అది మామగారిది. రిటైరైన నాటి నుంచి ఆయన కూతురింట్లో ఉంటూ, కాఫీలో చక్కెర తక్కువనీ, అల్లుడి సంపాదన అంతకంటే తక్కువనీ చెప్పే బాధ్యత ఒక్కటే మోస్తున్నారు. ఆయనకు పెట్టుడు గడ్డం అంటించి, పాత కోటు తొడిగి ఫొటో తీశాడు. ఎక్కడిదని చైర్మన్ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది మరి.

తెర తీసిన రోజు జనం ఫలకాన్ని చూశారు. ఆ పైన ముందు వరసలో కూర్చున్న మామగారిని చూశారు. ఫొటోగ్రాఫరు కెమెరా వెనక ముఖం దాచుకున్నాడు.

"ఆ ముక్కు చూడండి! వంశం ఎక్కడికి పోతుంది?" అంటూ చైర్మన్ ఆయన్ని చిత్రకారుడి మునిమనవడిగా వేదిక ఎక్కించాడు. మామగారు కాదనలేదు. "మా ముత్తాత..." అని గొంతు సవరించుకుని అరగంట వాయించారు.

ఇంటికొచ్చాక ఫొటోగ్రాఫరు పళ్లు నూరాడు. "మామయ్యగారూ, మీ ముత్తాత గొర్రెలు కాసేవాడని మీరే చెప్పారు కదా!"

"కాస్తూ గీసి ఉండొచ్చుగా అల్లుడూ! నువ్వు చూశావా?"

పేపర్లో ఆ వార్త చూసి, వారం తిరక్కుండా ఒక పెద్దావిడ సంచీతో గుమ్మంలో దిగింది.

"అన్నయ్యా! నేనూ ఆయన మునిమనవరాలినే. మా వాళ్లు ఇంకెవరూ మిగల్లేదనుకున్నా" అని మామగారి చేతులు పట్టుకుంది. సంచీలోంచి అరచేతంత బొమ్మ తీసి చూపించింది. చిత్రకారుడు తన చేత్తో గీసుకున్న సొంత బొమ్మ. గడ్డం లేదు. ముక్కు చప్పిడి.

మామగారు తన ముక్కు ఒకసారి తడిమి చూసుకున్నారు. "తప్పయిందమ్మా. ఆ రాతి మీదున్నది నా ముక్కు" అన్నారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఫొటోగ్రాఫరుకు సిగ్గేసింది. ఆ బొమ్మ తీసుకుని చైర్మన్ దగ్గరికి పరిగెత్తాడు. చైర్మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ముఖంలో చిత్రకారుడి కళ ఏదయ్యా? రాయి చెక్కేశాం. ఆయనే సర్దుకోవాలి" అన్నాడు.

ఫొటోగ్రాఫరు ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే పెద్దావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగు రోజులయ్యాక ఆవిడ ఇక వెళ్తానంటే, మామగారే సంచీ మోసుకుంటూ బస్టాండుకు బయల్దేరారు. బస్సు ఆలస్యమైంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని, చైర్మన్‌ని తనివితీరా తిట్టుకున్నారు.