అడిగే మాటే అర పేరు

“నా తెల్ల చొక్కా ఎక్కడుంది?” అన్నారు మా ఆయన, బీరువా ముందు నిలబడి, బీరువా తెరవకుండానే. నేను పాలు పొంగకుండా చూస్తున్నాను. వెనక్కి తిరగకుండానే “ఇస్త్రీకి వెళ్లింది, నీలంది వేసుకోండి,” అన్నాను. “నువ్వుండగా వెతుక్కోవడం దేనికి,” అని మెచ్చుకున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మెప్పు తీసుకుంటూనే ఉన్నాను. వ్యాపారం చేసేదాన్ని కాబట్టి ఒకసారి కూర్చుని ఆలోచించాను. ఇది నాకు వస్తున్న లాభమా, నా దగ్గర్నుంచి పోతున్న సరుకా?

నాది గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డల దుకాణం. ఏటా ఒకసారి తయారీదార్లంతా దూరపు ఊళ్లో ఒకచోట చేరతారు. అక్కడికి వెళ్తేనే కొత్త రకాలు చేతికొస్తాయి. నిరుడు వెళ్లాను. కొమ్ము గుండీలు చేసే పెద్దాయనతో బేరం కుదిరే వేళకి మా ఆయన ఫోన్. “అమ్మ కంట్లో చుక్కలు ఏ సీసా?” చెప్పి పెట్టేస్తే “గ్యాస్ అతని నంబరేది?” అదీ చెబితే “మెయిన్ స్విచ్ ఎక్కడుంది?” ఇల్లంతా చీకట్లో ఉందట. పెద్దాయన విసిగి సరుకంతా పక్కావిడకి ఇచ్చేశాడు. నేను మధ్యలోనే రైలెక్కి వచ్చేశాను. ఈసారి వెళ్లాలంటే నా బుర్రలో ఉన్నదంతా ఇంట్లో దింపి వెళ్లాలి.

అందుకే నోట్సు రాసుకునే యాప్ చూపించమని మా మరిదిని అడిగాను. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. “ఇది పెట్టుకుంటే మీకు రెండో బుర్ర ఉన్నట్టే వదినా,” అన్నాడు. “మొదటిదానికే అద్దె రావట్లేదయ్యా,” అన్నాను.

మూడు చూపించాడు. మొదటిది భలే అందంగా ఉంది. గోదాము తీసుకునేటప్పుడు ఏమడుగుతానో అదే అడిగాను: “రేపు ఖాళీ చేస్తే నా సరుకు నన్ను తీసుకెళ్లనిస్తారా?” మరిది కాసేపు వెతికి, “అదే కొంచెం కష్టం,” అన్నాడు. వద్దన్నాను. రెండోదాంట్లో ఒక నోటు నుంచి ఇంకో నోటుకి గీతలు, సాలెగూడులా. దారాలు అమ్ముకునేదాన్ని, చిక్కులు కొనుక్కోవడం ఎందుకు? మూడోది సాదాసీదాగా ఉంది. వెతికితే దొరుకుతుంది, అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది, నోటితో చెప్పినా రాసుకుంటుంది. మా అత్తయ్యకి టైపు చేయడం రాదు. దాన్నే ఖాయం చేశాను.

మరిది చెప్పినట్టు ఆరోగ్యం, బట్టలు, బిల్లులు అని విడదీసి అన్నీ ఎక్కించాను. మా ఆయన చేతికిచ్చి, “మీ కళ్లజోడు పవరెంతో తీయండి,” అన్నాను. అటూ ఇటూ జరిపి, ఫోన్ నాకే ఇచ్చి, “ఎక్కడ పెట్టావో చెప్పు,” అన్నారు.

తప్పు ఆయనది కాదు, నా సర్దుబాటుది. దుకాణంలో నేను ఏ అరకీ సరుకు పేరు రాయను, వచ్చినవాళ్లు అడిగే మాట రాస్తాను. ‘కోటు గుండీ ఊడింది’ ఒక అర. ‘సంచి జిప్పు పట్టడం లేదు’ ఇంకో అర. కొత్తగా పనిలో చేరినవాళ్లకైనా చిటికెలో దొరుకుతుంది. ఇంటిదంతా అదే పద్ధతిలో మళ్లీ రాశాను. ఒక్కో నోటుకీ వాళ్ల మాటే పేరు. ‘నా తెల్ల చొక్కా ఎక్కడుంది?’ ‘మెయిన్ స్విచ్ ఎక్కడుంది?’ ‘తినడానికి ఇంట్లో ఏమీ లేదా?’ అన్నింటికన్నా పొడుగు జవాబు ‘ఇంతసేపూ ఏం చేశావు?’ అన్నదానికి వచ్చింది. దాన్నీ దాచకుండా అందరికీ పంచాను. మా ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఆ పూట ఇస్త్రీ బట్టలు తనే వెళ్లి తెచ్చారు. నేను అంత కూడా ఆశించలేదు.

అత్తయ్య మాత్రం నా పక్కన చేరి అన్నీ చదివించుకుని విన్నారు. “నా బుర్ర నిండా కూడా ఈ ఇంటి సామానే అమ్మాయ్. దింపుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. నువ్వు దింపుకున్నావు, మంచి పని చేశావు. వెళ్లిరా,” అన్నారు.

అక్కడున్నన్నాళ్లూ ఫోన్ మోగలేదు. కొమ్ము గుండీల పెద్దాయనతో టీ తాగుతూ నిదానంగా బేరమాడాను. సరుకు ఈసారి నాదైంది. తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే యాప్‌లో కొత్త నోటు కనిపించింది. పేరు: ‘మా కోడలికి ఏమిష్టం?’ కింద ఖాళీ.

అత్తయ్యకి ఫోన్ చేశాను. “నువ్వొచ్చేసరికి నీకిష్టమైనదేదైనా చేయిద్దామని అందర్నీ అడిగానమ్మా. మీ ఆయనకీ తెలీదట, మీ మరిదికీ తెలీదట. నాకూ తెలీలేదు, చూశావా. అందుకే ఫోన్లో చెప్పి పెట్టా. నువ్వే రాసెయ్యి.”

నా ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఎవరూ అడగనిదానికి నేనూ అర కట్టలేదు. ఎంత ఆలోచించినా ఒక్కటే తోచింది, అదీ ఈసారి ఇక్కడికి వచ్చేటప్పుడు తెలిసిందే. ‘రైల్లో కిటికీ పక్క సీటు’ అని రాశాను. మిగతావి వెతుక్కోవాలిగా. తిరుగు టికెట్టు రెండు రోజుల తర్వాతకి మార్చుకుని, ఆ సంగతి కూడా అదే నోటులో, దాని కిందే రాశాను.