ఒక్క పేజీలో పిచ్చుక

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, గోడకు వేలాడే అక్షరాల పలకకు ఎదురుగా, అత్త కూర్చుని ఉంది. ఆమె ముక్కు మీద కళ్ళు పరీక్షించే ఇనుప ఫ్రేము. నాన్న అందులోకి ఒక్కో అద్దమూ దూర్చి తీస్తున్నాడు.

"దూరపు చూపు కుదిరిందక్కా. ఇప్పుడు దగ్గరది చూద్దాం. ఇదిగో, ఇది చదువు," అంటూ బల్ల మీద చేతికి అందిన కాగితం తీసి ఇచ్చాడు.

అది పిచ్చుక రెజ్యూమె.

పిచ్చుక అంటే ఆయన చిన్న కూతురు. చిన్నప్పుడు పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉండేదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. సైకాలజీలో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల వేటలో పడ్డాక ఆ కిచకిచలు తగ్గాయి. కనబడిన ప్రతి ప్రకటనకూ రెజ్యూమె పంపేది. ఎక్కణ్ణుంచీ ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "నీళ్ళలో రాయి వేస్తే బుడుంగుమనైనా అంటుంది కదమ్మా, ఇక్కడ అదీ లేదు," అని తల్లి దగ్గర వాపోయేది. వచ్చేపోయే చుట్టాలు మాత్రం, "మనసులు చదివే చదువట కదా, నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం," అని ఆటపట్టించేవారు.

అత్త గొంతు సవరించుకుని పైకి చదవసాగింది.

"'నిజాయితీ, క్రమశిక్షణ, కష్టపడే తత్వం కలిగి, సవాళ్ళను స్వీకరిస్తూ, సంస్థ అభివృద్ధికి పాటుపడుతూ, తద్వారా నా అభివృద్ధిని కూడా సాధించుకోగల ఉద్యోగం కోసం...' అమ్మయ్యో, ఆయాసం వచ్చింది." కాగితం దించింది. "అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి తమ్ముడూ. మనిషే కనబడటం లేదు."

ముందు గదిలో గాజు అరలు తుడుస్తున్న పిచ్చుక చేతిలో గుడ్డతో సహా లోపలికి వచ్చింది.

"అత్తా, అది నాది."

"నీదేనని పైన పేరు చూస్తే తెలిసింది. ఆ పేరు చెరిపేసి మీ క్లాసులో ఎవరి పేరు రాసినా సరిపోతుంది. అదే చిక్కు."

అత్త పింగాణీ కర్మాగారంలో ఉద్యోగులను తీసుకునే విభాగంలో పనిచేసి రిటైరయింది. ఆమె మాట మొహం మీద కొట్టినట్టే ఉంటుంది. పిచ్చుకకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అయినా తమాయించుకుని, "ఈ సాయంత్రంలోగా ఒకచోటికి పంపాలి. ఇదే పంపుదామనుకున్నాను," అంది.

"ఎక్కడికి? ఆ ప్రకటన చూపించు ముందు."

ఫోను చేతికిచ్చింది. అత్త ఆ ఇనుప ఫ్రేముతోనే చదివింది. పెద్దాసుపత్రి స్కానింగ్ విభాగంలో రోగులకు సహాయకులు కావాలట. సొరంగంలాంటి యంత్రంలోకి వెళ్ళడానికి భయపడేవాళ్ళతో మాట్లాడి, వాళ్ళను సిద్ధం చేసి, స్కాన్ పూర్తయ్యేలా చూడాలట. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదట.

"భయపడేవాళ్ళతో నువ్వెప్పుడైనా పనిచేశావా?"

"లేదత్తా. చదువుకున్నానంతే."

"మరి ఇదేమిటే? ఇక్కడ అట్టడుగున, అభిరుచుల కింద ఇరికించావు. 'ప్రాజెక్టు, దంతవైద్యం పట్ల భయం.'"

"అదా? ఆఖరి ఏడాది ప్రాజెక్టు. అందరూ ఏదో ఒకటి చేస్తారు."

"అందరి సంగతి నాకెందుకు? నువ్వేం చేశావో చెప్పు."

పిచ్చుక గుడ్డను భుజాన వేసుకుని స్టూలు లాక్కుంది. మొదట నసిగింది. తర్వాత తనకు తెలియకుండానే వేగం అందుకుంది. వీధి చివరి పళ్ళ డాక్టరు దగ్గర, రోగులు కూర్చునే గదిలో, సెలవుల్లోనూ పోయి కూర్చుందట. ఎవరు గోళ్ళు కొరుకుతున్నారో, లోపల్నుంచి డ్రిల్లు చప్పుడు రాగానే ఎవరు చెప్పులు వెతుక్కుంటున్నారో రాసుకుందట. ఒప్పుకున్నవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే, చాలామంది నొప్పికంటే ఎక్కువగా ఇంకొకదానికి భయపడుతున్నామన్నారట.

"దేనికి?" నాన్న అద్దాల పెట్టె పక్కన పెట్టేశాడు.

"నోరు తెరిచి ఉంచితే 'ఆపండి' అనడానికి వీల్లేదు కదా నాన్నా! అదీ భయం. మన చేతిలో ఏమీ లేదనే భయం. అందుకని వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టాలనుకున్నాను. నొక్కితే కీచుమనే రబ్బరు బాతు కొన్నాను. అది కీచుమంటే డాక్టరుగారు చెయ్యి తీసెయ్యాలి. డాక్టరుగారు ముందు నవ్వారు, తర్వాత ఒప్పుకున్నారు. కొందరికి బాతు ఇచ్చాం, కొందరికి ఇవ్వలేదు. రెండు గుంపుల భయాన్నీ కొలిచి పోల్చాను. బాతు ఉన్నవాళ్ళకి స్పష్టంగా తక్కువ!"



"ఇంత పని చేసి," అత్త ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకుంది, "'సవాళ్ళను స్వీకరిస్తూ' అని రాసుకున్నావటే? ముత్యాలమూట అటక మీద పెట్టి చిల్లపెంకులు మెళ్ళో వేసుకున్నట్టుంది. లాప్‌టాప్ తీసుకురా. నా కళ్ళజోడు రేపైనా చేసుకోవచ్చు."

ముందు గది బల్ల మీద ఫ్రేములన్నీ పక్కకు జరిగాయి. పిచ్చుక వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి. అత్త పక్కన కూర్చుని, ఎలుకను పట్టుకున్న పిల్లిలా ప్రతి మాటనూ వదలకుండా అడిగేది. "వాళ్ళు ప్రకటనలో 'సిద్ధం చేయడం' అన్నారు. నువ్వు చేసిందీ అదే. ఆ మాటే వాడు. వాళ్ళ భాషలో చెప్పు." ప్రాజెక్టు అట్టడుగు నుంచి పైకి ఎక్కింది. పరిశీలించాను, ప్రశ్నలు తయారుచేశాను, మాట్లాడాను, కొలిచాను, రోగుల వివరాలు బయటకు పొక్కకుండా దాచాను. ఒక్కో వాక్యం పడుతుంటే పిచ్చుకకు ఒళ్ళు జల్లుమంటోంది. ఇదంతా తానే చేసిందా?

"ఈ 'కౌన్సెలింగ్ నిపుణురాలు' ఏమిటి?"

"స్నేహితురాలు పెట్టమంది. అలా పెడితేనే చూస్తారట."

అత్త ఏదో అనబోయేలోపే పిచ్చుక ఆ మాటను తుడిచేసింది. "నేను నిపుణురాలిని కాదు. దానికి ఇంకా చదవాలి. నాకు వచ్చిందేదో అదే ఉండనీ."

"మంచిది. ఆ గణాంకాలు కూడా తీసెయ్. చూసేవాళ్ళకి తలనొప్పి."

"తియ్యను."

అత్త కళ్ళెగరేసింది.

"తియ్యనత్తా! బాతు నిజంగా పనిచేసిందో, నా మొహం చూసి మొహమాటానికి బాగుందన్నారో తేల్చింది ఆ లెక్కలే. సైకాలజీ అంటే మనసులో మాట ఊహించి చెప్పడం కాదు. ఊహించింది నిజమో కాదో పరీక్ష పెట్టి చూడటం. నాకు వచ్చిన గట్టి విద్య అదే."

"ఇదిగో," అంది అత్త, నాన్న వైపు తిరిగి, "ఇప్పుడు కనబడింది మనిషి. ఉంచుకో తల్లీ, ఉంచుకో. నాదే తప్పు."

"ఇప్పటికీ ఆ బాతు వాడుతున్నారా అక్కడ?" అన్నాడు నాన్న.

పిచ్చుక చేతులు ఆగిపోయాయి. ప్రాజెక్టు అప్పగించాక మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఫోను తీసి పళ్ళ డాక్టరు నంబరుకు కొట్టింది. నర్సు ఎత్తింది. తానెవరో చెప్పబోతే వినకుండానే అవతల నర్సు అరిచినంత పని చేసింది.

"బాతమ్మాయివా! ఎక్కడికి పోయావు నువ్వు? మొదటి బాతు చిరిగిపోయింది. డాక్టరుగారు అరడజను తెప్పించారు. పిల్లలైతే బాతు ఇవ్వందే నోరు తెరవటం లేదు!"

పిచ్చుక స్పీకరు నొక్కింది. దుకాణంలో నిలబడి ముగ్గురూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంతలో డాక్టరుగారే ఫోను అందుకున్నారు. "మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు బాగా తగ్గారమ్మా. రాసుకో. కావాలంటే నా నంబరు కూడా ఇవ్వు, అడిగితే చెబుతాను."

"అసలు ఎవరూ లేచిపోవటం లేదని రాయి! పోయేదేముంది?" అన్నాడు నాన్న ఉత్సాహం పట్టలేక.

"నాన్నా! తగ్గారు అన్నారు. తగ్గారు అనే రాస్తాను."

పంపే మీట నొక్కేసరికి వీధిలో దీపాలు ఇంకా వెలగలేదు. రెజ్యూమె ఒక్క పేజీకి వచ్చింది. అత్త ఇంకా సంచీ సర్దుకోకముందే ఫోను మోగింది. ఆసుపత్రివాళ్ళు మర్నాడు ఉదయం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. పిచ్చుక నాన్న రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పింది. ఫ్రేముల అర ఒకటి కిందపడింది. ఎవరూ కోప్పడలేదు.

స్కానింగ్ విభాగం ఆసుపత్రి కింది అంతస్తులో, చల్లగా, తెల్లగా ఉంది. గోడ అవతల నుంచి యంత్రం దడదడ చప్పుడు. విభాగం పెద్దావిడ జుట్టు బిగించి ముడివేసుకుంది. చూపులో నవ్వు లేదు. రెజ్యూమె ముందు పెట్టుకుని సూటిగా విషయంలోకి వచ్చింది.

"బాతు సంగతి బాగుంది. కానీ మా దగ్గర అలాంటిది ముందునుంచే ఉంది." సొరుగులోంచి గొట్టం తగిలించిన రబ్బరు బంతి తీసి చూపించింది. "నొక్కితే మా టెక్నీషియనుకు బజరు మోగుతుంది. ప్రతి రోగి చేతికీ ఇస్తాం. అయినా భయపడుతున్నారు. ఇక నువ్వొచ్చి ఏం చేస్తావు?"

పిచ్చుక ఏ గొప్ప చూసుకుని వచ్చిందో అది వీళ్ళ సొరుగులోనే ఉంది. బంతి చేతిలోకి తీసుకుంది. అప్పుడు, పళ్ళ డాక్టరు దగ్గర మొదటి వారం గుర్తొచ్చింది.

"మేడమ్, దాన్ని ఎవరైనా నొక్కుతారా?"

పెద్దావిడ ఆలోచించింది. "చాలా తక్కువ. ఒక్కసారిగా అరుస్తారు, బయటికి తీయమంటారు."

"మాకూ మొదట అలాగే అయింది. బాతు చేతిలో ఉన్నా ఎవరూ నొక్కలేదు. డాక్టరుగారికి కోపం వస్తుందని ఒకరు, నొక్కినా ఆపుతారో లేదోనని ఒకరు. అప్పుడు పద్ధతి మార్చాం. నోరు తెరవకముందే ఉత్తుత్తిగా నొక్కమనేవాళ్ళం. డాక్టరుగారు రెండు చేతులూ పైకెత్తేవారు. అది కళ్ళతో చూశాకే ధైర్యం వచ్చింది వాళ్ళకి. ఇక్కడ బంతి ఇచ్చి చెబుతున్నారా, నొక్కి చూడనిస్తున్నారా?"

"చెబుతాం," అంది పెద్దావిడ నెమ్మదిగా. తర్వాత లేచింది. "బయట ఒకాయన ఉన్నాడు. క్రేను నడుపుతాడు. ఆకాశంలో కూర్చుని పనిచేసే మనిషి, మా యంత్రంలోంచి ఇప్పటికే పారిపోయాడు, అదీ ఒకసారి కాదు. ఆయన ఒప్పుకుంటే మాట్లాడు. నేను పక్కనే ఉంటాను."

క్రేను డ్రైవరు తలుపంత మనిషి. ఆసుపత్రి గౌను ఆయన మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. పిచ్చుక తానెవరో, ఎందుకు వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకా ఉద్యోగం కూడా రాలేదని చెప్పింది. ఆయన నవ్వి, "అయితే ఇద్దరం పరీక్షకే వచ్చామన్నమాట. చెప్పమ్మా," అన్నాడు.

"లోపల ఏది కష్టంగా ఉందండీ?"

"ఇరుకు కాదు. నా క్యాబినూ ఇరుకే. కానీ అక్కడ మీటలు నా చేతిలో ఉంటాయి. ఇక్కడ నన్నెవరో నడుపుతున్నారు."

పిచ్చుక ఆయన్ని యంత్రం గదిలోకి తీసుకెళ్ళి, అక్కడి బంతి చేతిలో పెట్టింది. "ఇది మీ మీట. నొక్కండి."

నొక్కాడు. అద్దం అవతల టెక్నీషియను కాఫీ కప్పు వదిలేసి లేచి, మైకులో "చెప్పండి సార్!" అన్నాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచాడు. మూడోసారికి టెక్నీషియను కూడా నవ్వేశాడు. బల్ల మీద పడుకుని, సగం లోపలికి వెళ్ళి నొక్కితే బల్ల బయటికి వచ్చింది. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "సరే, కానివ్వండి."

దడదడ మొదలైంది. అద్దం వెనక పిచ్చుక గుప్పిట బిగించి నిలబడింది. మధ్యలో బజరు మోగింది. ఆమె గుండె కూడా దానితోపాటే మోగింది. కానీ మైకులో వచ్చింది మామూలు గొంతు. "ఏం లేదు, ఉన్నారో లేదోనని." టెక్నీషియను ఉన్నానన్నాడు. యంత్రం మళ్ళీ అందుకుంది. చివరిదాకా ఆగలేదు.

బల్ల బయటికి వచ్చాక ఆయన లేచి కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, పందెం గెలిచినవాడిలా ఊపాడు. పెద్దావిడ మొదటిసారి నవ్వింది.

"ఒక్కడితో తేలిపోదు," అంది పిచ్చుకతో, కారిడార్లో నడుస్తూ.

"తేలదు మేడమ్. ఇంకా చాలామందితో చూడాలి. మీరు ఒప్పుకుంటే నేను లెక్క రాస్తాను."

"సోమవారం నుంచి రా. ముందు కొన్ని నెలలు పరీక్ష మీద. ఆ లెక్క నాకూ కావాలి."

ఇంటికి ఫోను చేస్తే అమ్మ ఎత్తింది. ఆమె చేతిలోంచి నాన్న, నాన్న చేతిలోంచి అత్త లాక్కున్నారు. ఎవరు ఏం అడుగుతున్నారో తెలియలేదు. పిచ్చుక ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అందరికీ ఒకేసారి జవాబు చెప్పింది. ఎంత వేగంగా చెప్పిందంటే, పక్కన వెళుతున్నవాళ్ళు ఆగి చూసి నవ్వుకున్నారు.

సోమవారం ఉదయం, కొత్త గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, స్కానింగ్ గది బయట వణుకుతూ కూర్చున్న ముసలావిడ పక్కకు చేరింది.

"నువ్వు డాక్టరువామ్మా?" అంది ముసలావిడ.

"కాదు మామ్మగారూ. మీరు లోపలికి వెళ్ళి వచ్చేదాకా మీతో ఉండే మనిషిని. మొదట ఒకసారి ఆ గది చూసొద్దాం, రండి."

ముసలావిడ లేవడానికి చెయ్యి చాచింది.