గేటు లెక్క

మా బావ రైల్వే గేటుమ్యాన్. గేటు పక్కనే రెండు గదుల క్వార్టరు. పదిహేడేళ్లుగా అక్క కాపురం అందులోనే. రైలు వెళ్లినప్పుడల్లా అలమారలో గిన్నెలు గలగలమంటాయి. ఆ చప్పుడు లేకపోతే ఆవిడకు తోచదు.

బావ నన్ను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పదో తరగతి మూడుసార్లు రాశానని నాకు ‘గూడ్సుబండి’ అని పేరు పెట్టాడు. నాకు పిల్లనివ్వడానికి వచ్చిన పెద్దమనిషి ముందూ అలాగే పిలిచాడు. అందరూ నవ్వారు. ఆ సంబంధం అక్కడితో సరి.

లైనుకు కరెంటు తీగలు వేశారు. రైళ్ల వేగం రెట్టింపు కాబోతోంది. ఏ గేటు ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడానికి బళ్ల లెక్క మొదలుపెట్టారు. మూడు రోజులు గేటు దగ్గర కూర్చుని, దాటిన ప్రతి బండికీ ఒక గీత గీసే పని నాకు దొరికింది.

“ఒరేయ్ గూడ్సూ, బళ్లు తక్కువైతే గేటు ఎత్తేస్తారటగా?” అన్నాడు బావ, మొదటిరోజు పొద్దున్నే.

కాదు. నా చేతిలోని కాగితం మీద స్పష్టంగా ఉంది. సగటున రోజుకు వెయ్యి దాటితే వంతెన కట్టి గేటు తీసెయ్యాలి. దాటకపోతే గేటూ, గేటుమ్యానూ ఎప్పటిలాగే. అక్కడ ఆరువందలు దాటడమే గగనం. బావ కాళ్లు చాపుకుని కూర్చున్నా చాలు.

“అలాగే అంటున్నారు బావా,” అన్నాను.

ఇక చూడాలి ఆయన హడావిడి! తెలిసిన ఆటోవాళ్లందరినీ బతిమాలి అటూ ఇటూ తిప్పించాడు. బంపరు లేని కంకర లారీ ఒక్కటే రెండో రోజు నలభైసార్లు దాటింది. దాని డ్రైవరు పొద్దున నాకు సలాము కొట్టాడు, మధ్యాహ్నానికి ఆవలించాడు.

మూడో రోజు అక్క కూడా ఎవరిదో స్కూటరు అడిగి తెచ్చుకుంది. ఎండకు మొహం కందిపోయింది.

“గీశావా తమ్ముడూ?”

“గీశానక్కా.”

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అప్పుడే బావ అరిచాడు, “గూడ్సూ, నిద్రపోకురోయ్!” లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. నేను ఇంకో గీత గీశాను.

సగటు వెయ్యీ నలభై వచ్చింది.

ఆరు నెలలకు ఇన్‌స్పెక్టరు నోటీసు తెచ్చాడు. క్వార్టరు కూల్చేస్తారు, బావ ఎక్కడో యార్డులో చేరాలి, అక్కడ ఇల్లివ్వరు. “ఇంకో యాభై బళ్లు తగ్గుంటే నీ గేటు జోలికి వచ్చేవాళ్లం కాదయ్యా,” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వెళ్లాను. బావ మొహం చూస్తే నాకు జాలి వేయలేదు. అబద్ధమెందుకు, కడుపు నిండినట్టయింది. అక్క సామాను సర్దుతోంది. అలవాటుగా లేచి మంచినీళ్లిచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడింది.

“కాగితం నీ చేతిలోనే ఉందిగా. నీకు ముందే తెలుసా?”

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

“వాడికేం తెలుసే, గూడ్సుబండి! పాపం, మనకోసం మూడు రోజులు ఎండలో కూర్చున్నాడు.”

అక్క నా కళ్లలోకే చూసింది. నేను తల దించుకున్నాను. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నేనింకా తాగలేదు. ఆ నీళ్లు గుమ్మం బయట పారబోసి, గ్లాసు మూటలో పెట్టుకుంది.