బోనుకు కట్టిన నోరు

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళలో భుజాన మోసి తిప్పే రకం కాదు. అడవి పందుల కోసం పెట్టిన ఇనుప బోనుకు ఎదురుగా, వేపచెట్టు మొదలుకు పట్టీతో బిగించిన చిన్న పెట్టెను. నా కడుపులో ఒక సిమ్ కార్డు, నెత్తిన అరచేయంత సోలార్ పలక ఉంటాయి. బోను తలుపు పడగానే ఎక్కడో ఉన్న యజమాని ఫోన్ మోగించి, లోపల ఏం పడిందో చూపించడం నా పని. అంతవరకే అయితే ఈ బతుకు మీద నాకింత రోత పుట్టేది కాదు. నాకు నోరు కూడా పెట్టారు.

పొడుగాటి రేకుల షెడ్డులో, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను తయారుచేశారు. ఒకామె కన్ను బిగించింది. ఒకామె చెవి పెట్టింది. ఇంకొకామె రూపాయి బిళ్ళంత స్పీకరు అతికించి, అది పలుకుతుందో లేదో చూడ్డానికి ఏదో కూనిరాగం తీసింది. తన గొంతే నాలోంచి తిరిగి వినబడితే ముసిముసిగా నవ్వుకుంది. నా నోట వచ్చిన మొదటి శబ్దం అది. ఆ తర్వాత వచ్చినవాటిలో అంత శుభ్రమైనది ఒక్కటీ లేదు.

నన్ను కొన్నవాడు మురహరి. మదనపల్లెలో బోరు మోటార్ల దుకాణం. ఊటగుట్టపల్లెలో, కొండ వాలున, వేరుశనగ వేసే భూమి ఉంది. అమ్మినవాడు అతనికి నిజాయితీగానే చెప్పాడు: "బోనులో పడినదాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు సార్. అది కొట్టుకుని కొట్టుకుని పాడవుతుంది. ఇదుంటే తలుపు పడిన క్షణమే మీకు తెలుస్తుంది, వెంటనే పోవచ్చు." మురహరికి 'తెలుస్తుంది' అన్న మాట వినబడింది, 'పోవచ్చు' అన్న మాట వినబడలేదు. నన్ను చెట్టుకు బిగించిన వారంలోనే కాపలా మనిషిని మాన్పించాడు. కన్నొకటి ఉన్నాక కాళ్ళెందుకు అనుకున్నాడేమో.

పందులు సాధువులని నేను చెప్పను. గుంపుగా దిగితే చేను దున్నినట్టే అయ్యేది. కాయ విరిచి, తీగ తొక్కి, తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువగా వదిలిపోయేవి. పక్క చేను చెంగమ్మది. మొగుడు పోయాక ఆ చేనూ, ఒక గొర్రెల మందా ఆమెకు మిగిలాయి. తెల్లారి వచ్చి తవ్వేసిన సాళ్ళలో నిలబడి ఆ పందుల ఏడు తరాలనూ ఆమె తిట్టిన తిట్లు నా చెవిలో ఇంకా ఉన్నాయి. మురహరి పెట్టిన బోను చూసి ఆమె సంతోషపడింది కూడా. "పడనీ ముండల్ని," అనుకుంటూ పోయేది.

ఒక శుక్రవారం పొద్దున, బోనులోని రేకు తొట్టిలో ఎరగా పెట్టిన పులిసిన జొన్న వాసనకు ఒక ఆడపంది బోనులోకి వచ్చింది. తలుపు పడింది. నేను నా పని చేశాను. మదనపల్లెలో ఫోన్ మోగింది.

మురహరి ఫోన్‌లో నన్ను తెరిచినప్పుడల్లా అతని దుకాణమంతా నాకు వినబడేది; మాట్లాడే మీట నొక్కితేనే అది నా నోట బయటికి వచ్చేది. అగరువత్తి వెలిగించే అగ్గిపుల్ల గీత, గల్లా పెట్టె మూత, టీ గ్లాసుల చప్పుడు. ఆ పొద్దున వాటి మధ్య అతని కేక వచ్చింది. "పడె! పడెనప్పా! శ్యాంసుందరూ, ఇట్రా!"

శ్యాంసుందర్ పక్కనే ఉన్న ఎరువుల కొట్టు ఆయన. ఇద్దరూ ఫోన్ మీదికి వంగి చూశారు. పంది అప్పటికి బెదిరిపోయి, ఒక మూల ఒదిగి, ఊపిరి పీల్చుకుంటూ నిలబడి ఉంది.

"ఏమన్నా, కదల్దే?" అన్నాడు శ్యాంసుందర్.

"దీనికి మాట్లాడేది కూడా ఉండాది, చూడు." మురహరి గొంతు సవరించుకుని అరిచాడు. "ఓయ్!"

ఆ అరుపు నా నోట్లోంచి వచ్చింది. మనిషి లేడు, మనిషి వాసన లేదు, అయినా మనిషి గొంతు అంత దగ్గరలో. పంది ఎగిరి అవతలి కమ్మీలను ఢీకొట్టింది. బోను మొత్తం గంటలా మోగింది. దుకాణంలో నవ్వులు.

"ఇంగోసారి, ఇంగోసారి!"

నేను పలకకుండా ఉండలేను. మీట నొక్కితే పలకడమే నా పుట్టుక. వాళ్ళు అరిచారు, నేను అరిచాను. వాళ్ళు ఈల వేశారు, నేను ఈల వేశాను. మోటారు కొనడానికి వచ్చిన రైతులకు కూడా ఫోన్ చూపించి, "మీరూ ఒక కేక వేయండి," అన్నాడు మురహరి. ఒక పెద్దాయన మాత్రం ఫోన్ తిరిగి ఇచ్చేసి, "దాన్ని ఏమన్నా జేసెయ్ నాయినా, ఈ ఆటేంది?" అన్నాడు. అతను పోయాక అతని మీద కూడా నవ్వుకున్నారు.

మధ్యలో ఒకసారి మురహరి భార్య గొంతు వినిపించింది. అన్నం క్యారియర్ తెచ్చినట్టుంది. "అయ్యో, దాని మూతి నిండా రక్తం. ఎవురినన్నా పంపించి నీళ్ళన్నా పెట్టించండి."

"ఆదివారం కోసేవాళ్ళు వస్తారు. అంతవరకూ చావదులే. పందికి నీళ్ళు పెట్టేదానికి మనిషిని పెట్టుకోవల్లా?"

మూతలు తీసిన చప్పుడు. భోజనం చేశారు. తిన్నాక, అరిగేదానికన్నట్టు, మళ్ళీ మీట నొక్కారు.

ఆ రోజంతా నేను చూస్తూనే ఉన్నాను. కమ్మీకి తగిలి పంది కోర విరిగింది. నుదుటి మీద తోలు లేచిపోయింది. ఈగలు ముసురుకున్నాయి. విదిలించుకునే ఓపిక లేక అది కళ్ళు మూసుకుంటే, నా నోట్లోంచి కుక్కల అరుపులు వచ్చాయి. ఎక్కడో దొరికిన శబ్దాన్ని ఫోన్‌లో పెట్టి వినిపిస్తున్నారు. దాని మూతి నెత్తుటితోనూ మట్టితోనూ నిండి ఉంది. కానీ ఆ రెండింటిలో మురికి నోరు నాదేననిపించింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు చెంగమ్మ గొర్రెలను తోలుకుని అటుగా వచ్చింది. మంద వేపచెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె బోను దగ్గరికి నడిచింది. తిట్టడానికే నోరు తెరిచిందని నాకనిపించింది. పందిని చూసి ఆ నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత తన నీళ్ళ బిందె తెచ్చి, కమ్మీల సందులోంచి బోనులోని రేకు తొట్టిలోకి ఒంపింది. పంది లేవలేక, మోకాళ్ళ మీదే జరిగి నీళ్ళు తాగింది.

కదలిక కనబడితే కబురు పంపాలి. పంపాను.

"ఎవురది బోను కాడ?" అన్నాను, మురహరి గొంతుతో.

చెంగమ్మ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. చెట్టు మొదలుకున్న నన్ను చూసింది.

"నేనేనన్నా, చెంగమ్మను. నువ్వు యాడుండావు?"

"దుకాణంలో ఉండా. నీకేం పని ఆడ?"

"దుకాణంలో కూచోని ఈడ అరస్తా ఉండేది నువ్వేనా? నిన్నట్నుంచి యా దయ్యమో అనుకుంటా ఉండా. నా గొర్లు ఈ పక్కకే రాల్యా."

"నువ్వు పో ఆడ్నించి. నా బోను, నా పంది."

"నీదేలే. సంపుతావా, వచ్చి సంపు. నా చేను గూడా తినింది, నాకేం దానిమీద పేమ ల్యా. ఇట్ల ఆటాడించేది ఏందన్నా? నీకు కడుపులో దేవినట్ల ల్యా?"

"రేపొస్తారు మనుషులు."

"అయితే రేపటిదాకా నోరు మూసుకో."

మురహరికి ఈ మాట దుకాణంలో నలుగురి ముందు వినబడింది. "ఏమ్మే, ఎవురితో మాట్లాడతా ఉండావో తెలుసునా?" అని అరిచాడు. పంది మోకాళ్ళ మీంచి లేచి, వెనక్కి దూకి, కమ్మీలకు మళ్ళీ తల కొట్టుకుంది. తొట్టి తిరగబడి నీళ్ళన్నీ నేల పాలయ్యాయి.

చెంగమ్మ ఒక్క క్షణం ఆ నీళ్ళను చూసింది. అంతే. బోను పక్కనున్న బండరాయి ఎక్కి, వేపకొమ్మ మీదుగా వేసిన తలుపు తాడు పట్టి, ఒళ్ళంతా వేలాడేసి లాగింది. తలుపు పైకి లేచింది. తాడును కొమ్మకు కట్టేసింది.

"తలుపు తీస్తా ఉండావా? పోలీసులకు చెప్తా!"

"చెప్పు. ఈ బోను ఎవుర్ని అడిగి పెట్టినావో వాళ్ళకు నేనూ చెప్తా."

పందికి దారి తెరిచే ఉంది. కానీ తలుపు ఉన్నవైపే నేను ఉన్నాను, నాలో మురహరి అరుస్తున్నాడు. అతను అరిచినప్పుడల్లా అది తెరిచిన దారికి దూరంగా, మూసిన కమ్మీల మీదికే పోయి పడుతోంది. చివరికి కుక్కల అరుపులు కూడా వదిలాడు. చెంగమ్మ రాయి దిగింది. ఒలికిన నీళ్ళతో తడిసిన బురదను దోసిట నిండా తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం కంటే ఎక్కువగా ఉన్నది అసహ్యం. పెంట ఎత్తేటప్పుడు మనుషులు ముఖం పెట్టినట్టు పెట్టి, ఆ బురద నా నోట్లో కుక్కి, బొటనవేలితో అదిమింది.

కుక్కలు గుడగుడమని ఆగిపోయాయి. మురహరి కూడా ఆగిపోయాడు. నాలో ఏదో టప్పుమంది. అప్పుడొచ్చిన నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను.

చెంగమ్మ మళ్ళీ బండ ఎక్కి కూర్చుంది. పంది చాలాసేపు కదల్లేదు. తర్వాత తల వంచి, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ బయటికి వచ్చింది. ఆమెను చూడలేదు, నన్ను చూడలేదు. నేరుగా పోయి చెంగమ్మ చేనులోకే దిగింది.

"ఓసి నీ అమ్మ కడుపు కాల! కొండ అట్లుండాదే!" అంటూ ఆమె మట్టిపెళ్ళ అందుకుని వెంటపడింది. విసిరింది గానీ, తగిలేలా విసరలేదు. పంది కుంటుకుంటూ వాలు ఎక్కి కంపల్లోకి పోయింది. బతికిందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం కారు వచ్చింది. పంది కోసం రాని మనిషి నా కోసం వచ్చాడు. చెట్టు నుంచి విప్పి, పుల్లతో నా నోట్లో బురద తోడుతూ, చెంగమ్మతో, "రేపట్నుంచి నీ గొర్రె ఒక్కటి నా భూమి తొక్కినా ఊరుకోను," అన్నాడు. కొండకు పోయే దగ్గరి దారి అతని భూమి మీంచే. లేదంటే గుట్ట చుట్టూ తారు రోడ్డు వెంబడి తోలుకు పోవాలి. ఆమె, "అట్లే పోతాలే. ఆ పక్క నీ గొంతు ఇనబడదు," అని మందను మళ్ళించింది. కారులో కూర్చున్నాక కూడా అతను తుడిచింది నన్నే. బోనులో ఎండిన నెత్తురు అలాగే ఉంది.

మదనపల్లెలో రిపేరు కొట్టు కుర్రవాడు నన్ను విప్పి చూశాడు. "కన్ను బాగుండాది సార్, చెవి బాగుండాది. స్పీకర్ మాత్రం పోయింది. బోనుకు అది అవసరం లేదు కదా, ఇట్లే వాడుకోండి."

"నోరు లేనిది నాకెందుకప్పా? పారెయ్. దీనికంటే గట్టిగా అరిచేది ఉండాదా?"

పాత ఫోన్లు వేసే అట్టపెట్టెలో నన్ను పడేసి, కుర్రవాడు పై అరలోంచి కొత్తది దించాడు. మురహరి దాన్ని బల్ల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఓయ్!"

గడప దగ్గర నిద్రపోతున్న వీధికుక్క గుండె అవిసిపోయినట్టు లేచి, తోక కాళ్ళ మధ్య దోపుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. ఎక్కడో బస్సు బ్రేకు కీచుమంది.

మురహరి కడుపు పట్టుకుని నవ్వుతూ, "ఇదే ఇచ్చెయ్," అన్నాడు.