పెరటాసి ఒక్కపొద్దు

గిర్రున తిరిగే యంత్రంలో రక్తపు గొట్టాలను ఎదురెదురుగా సర్ది మూత వేసింది జయంతి. ఒక పక్క బరువెక్కితే అది దడదడలాడిపోతుంది మరి. ఆమె వేలికొసలు మందునీళ్ళకు ముడుచుకుపోయి, ఎప్పుడూ అప్పుడే బట్టలుతికి లేచినదానిలా ఉంటాయి. చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కడం, తిరుపతిలో దిగి ఈ గదిలో దూరడం, సందెవేళకు మళ్ళీ బస్సు. పూతలపట్టు మలుపు దగ్గర కునికిపాట్లు పడుతూనే వయసంతా గడిచిపోయింది. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళు కూడా అలసిపోయి మానుకున్నారు.

ఆమె చేసే పనేమిటంటే, ఎముక మూలుగ చెడినవాళ్ళకు తోబుట్టువుల మూలకణాలు ఎక్కిస్తారు కదా, ఆ తర్వాత వాళ్ళ కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయో చూడటం. వచ్చిన కణాలు కొత్త కోడలి లాంటివి. ఇల్లు తమదనుకునేదాకా ఒంటితో తగవు పెట్టుకుంటాయి. ఆ తగవును అణచడానికి ఒక మందుంది. ఆ మందే కిడ్నీలను మెల్లగా తినేస్తుందని జయంతి ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చింది. పాపం, దాన్నే చూసి చూసి, ఆ కళ్ళకు ఇంకేదీ ఆనకుండా పోయింది.

కుప్పయ్య విషయంలో జరిగింది అదే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి అతను. అక్క నాగులమ్మ కణాలిస్తే కోలుకుని, ఆసుపత్రి దగ్గరే అద్దె గదిలో ఉంటూ ప్రతి సోమవారం రక్తం ఇచ్చిపోయేవాడు. ఈ మధ్య వరసగా కిడ్నీ పరీక్ష చెడుతూ వచ్చింది.

"మందు వల్లే సార్, తగ్గిద్దాం" అంది జయంతి. ఈ సంగతి ఆమెకంటే ఇంకెవరికి తెలుసని పెద్ద డాక్టరు ధనంజయ తలూపాడు.

మందు తగ్గింది. తగవు రేగింది. ఇప్పుడు కుప్పయ్య ఒళ్ళంతా ఎర్రగా పొక్కి, తోలు పొరలుగా ఊడుతూ, విరేచనాలతో మళ్ళీ వార్డులో పడి ఉన్నాడు. మందు మళ్ళీ పెంచినా ఒళ్ళు లొంగలేదు.

యంత్రం ఆగేలోగా ఒకసారి చూసొద్దామని జయంతి వార్డుకు వెళ్ళింది. బయట బెంచీ మీద నాగులమ్మ కూర్చుని ఉంది.

"తిన్నావా అక్కా?"

"తింటిని లేమ్మా. నా రత్తం కదా, నా మాదిరే కయ్యానికి కాలు దువ్వతా ఉండాది. సిన్నప్పుడు వాణ్ణి నేను కొట్టిన దెబ్బలు సాల్లేదేమో!" నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ తప్పేముంది. కిడ్నీలు చెడుతున్నాయని నేనే మందు తగ్గించమన్నాను. నీళ్ళు బాగా తాగేవాడు కదా?"

"బిందెలు బిందెలు తాగేటోడు. శనారం ఒక్కనాడే గదా తాగంది."

"శనివారమా?"

"పెరటాసి నెల కదమ్మా! పాణం నిలబెట్టినాడని గోవిందుడికి ఒక్కపొద్దు మొక్కుకున్నాడు. పొద్దు కూకి పూజ అయ్యేదాకా పచ్చినీళ్ళు ముట్టలా. నువ్వు తిడతావని సెప్పొద్దన్నాడు. మాత్ర మాత్రం మానలేదు తల్లీ, ఎంగిలితోనే మింగేటోడు."

జయంతి వారాలు లెక్కేసింది. శనివారం ఎండిన ఒళ్ళు, సోమవారం తీసిన రక్తం. చెరుపు చేసింది మందు కాదు, దాహం. నీళ్ళతో పోయేదాన్ని తను మందు మీదికి నెట్టింది. చిత్తూరులో కన్నతల్లి కూడా ఆ శనివారాలు అలాగే నోరెండబెట్టుకునేది. ఆ కడుపున పుట్టి కూడా ఒక్క మాట అడగలేకపోయింది.

"నేనేమన్నా తప్పు సేస్తినా?" అంది నాగులమ్మ, ఆమె ముఖం చూసి.

"నువ్వు కాదక్కా" అంది జయంతి. వార్డులోకి నడిచింది.

మధ్యాహ్నం సెలైను చుక్కలు రాలుతుండగానే కుప్పయ్య వెళ్ళిపోయాడు. నర్సు వచ్చి చుక్కలు ఆపేదాకా పక్క మంచానికి కూడా తెలియలేదు.

తమ్ముడి శవంతో వ్యాను ఎక్కబోతూ నాగులమ్మ జయంతి గదికి వచ్చి, ఒక చెంబు బల్ల మీద పెట్టింది.

"వాడి పేరున వీధులెంట గోవింద కొట్టి ఎత్తిన బియ్యమమ్మా. నెల కడా శనారం వండి గోవిందుడికి తళిగ పెడదామనుకుంటిమి. మైలింటికి దేవుడి బియ్యం యాడ తీసకపోయేది? పొద్దున నా తప్పేం లేదని నా రత్తం కయ్యాన్ని మన్నిస్తివి గదా, ఈ బియ్యం సంగతీ నువ్వే సూసుకో తల్లీ."

వ్యాను పూతలపట్టు దారి పట్టింది. బల్ల మీద ఇత్తడి చెంబు ఉంది, కంఠానికి పసుపు గుడ్డ, పొట్ట మీద మూడు నామాలు, అంచుదాకా ఎన్ని ఇళ్ళవో లావు బియ్యం, సన్న బియ్యం కలిసిపోయి.