మునిరాజు జల్లెడ

మునిరాజు మాసికానికి పురోహితుడు ల్యాప్‌టాప్‌లో వచ్చాడు. పురసవాక్కంలో ఇంకో కార్యం దగ్గర చిక్కుకుపోయాడాయన. వాషర్‌మెన్‌పేటలోని ఈ మేడమీదికి ఆయన్ను లాక్కొచ్చింది గోధుమపిండి జల్లెడ.

జల్లెడ ఆయన భార్య కృష్ణవేణిది. వీధి చివరి మణిమారన్ తన వైఫై వాడుకోమన్నాడు గానీ అది ఇంతదూరం అందేది కాదు. మునిరాజు గిన్నెలాంటి ఆ ఇనపజల్లెడ నడుమ వైఫై అందుకునే డాంగిల్ కట్టి, వెదురుకర్రకు బిగించి, మణిమారన్ కిటికీ వైపు తిప్పాడు. “నా జల్లెడ ఇచ్చేయండి” అని ఆమె. “సిగ్నల్ నిండుగా రానీ, ఇస్తా” అని ఆయన. ఆసుపత్రిలో ఆమె ఆయనతో అన్న చివరిమాట కూడా జల్లెడ గురించే.

మరిది శ్యామ్ పిండాన్ని ఆకులో పెట్టి పిట్టగోడ మీద ఉంచాడు. కాకులు ఎదురింటి నీళ్లట్యాంకు మీదే కూర్చున్నాయి.

“ఆ మెరుపుకి బెదరతా ఉండాయి,” అని శ్యామ్ జల్లెడ దించాడు. మంత్రం మధ్యలో పురోహితుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయాడు. కాకులు లేచాయి. జల్లెడ ఎత్తాడు. మంత్రం వచ్చింది, కాకులు పోయాయి.

“సామి కావాలంటే కాకి లేదు, కాకి కావాలంటే సామి లేడు. ఏందిరా ఈ కర్మ!” అంది ఆడపడుచు గోవిందమ్మ.

“ఆయనకేదో కోరిక మిగిలిందమ్మా. తీరుస్తామని మాటివ్వండి,” అన్నాడు పురోహితుడు.

“అన్నా, నీ స్కూటర్ అమ్మనులే. సౌకార్‌పేట మురుకు శాండ్‌విచ్ తెచ్చిపెడతా, రా!” అన్నాడు శ్యామ్. ఒక కాకి ట్యాంకు అంచుకు ముక్కు గీసుకుంది.

అందరూ కృష్ణవేణిని చూశారు. ఆయన కోపంతో పోలేదని తెలిస్తే ఆమెకు చాలు. వెదురుకర్ర దగ్గరికి వెళ్లి మెల్లగా అంది:

“జల్లెడ మీరే ఉంచుకోండి. ఇక అడగను.”

ఒక కాకి ఎగిరొచ్చి నేరుగా జల్లెడ అంచు మీద వాలింది. ఆ బరువుకు జల్లెడ కాస్త పక్కకు తిరిగింది.

“హుష్!” అన్నాడు శ్యామ్.

గోవిందమ్మ వాడి చేతిమీద ఒక్కటి వేసింది. “తమ్ముణ్ణి తోలతావేందిరా!”

కాకి ఆకు మీదికి దూకి పిండం తినసాగింది. ల్యాప్‌టాప్‌లో పురోహితుడి గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా మోగింది. శ్యామ్ తెర మీదికి వంగాడు. “వదినా, సిగ్నల్ నిండుగా ఉండాదే!”

ఆయన జల్లెడ ఇస్తానన్నది సిగ్నల్ ఇలా నిండినప్పుడే కదా. కానీ అడగనని ఆమె మాటిచ్చేసింది.

రాత్రి చపాతీ తుంచి గోవిందమ్మ మొహం చిట్లించింది. “పొట్టు తగలతా ఉందే, వేణీ.”

“తగలనివ్వండి వదినా,” అంది కృష్ణవేణి.